పిల్లల కోపాన్ని తల్లి ఎలా అందుకోవాలి

యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో సాయంత్రం వేళ, ఉయ్యాల వంతు రాలేదని మూడేళ్ల పిల్లవాడు పక్క పాపను తోసి, నేల మీద పడి దొర్లడం, నలుగురిలో పరువు పోతుందని తల్లి వాడిని రెక్క పట్టి లాక్కుపోవడం కొత్త దృశ్యమేమీ కాదు. ఆ క్షణంలో ముందుగా వాడి ఎత్తుకు వంగి కూర్చొని, గొంతు తగ్గించి, "నీ వంతు రాలేదని కోపం వచ్చింది కదూ నాన్నా" అనాలి. ఏడుపు తగ్గేదాకా హితబోధ వద్దు, అప్పుడది చెవికెక్కదు. తగ్గాక, కోపం రావడం తప్పు కాదనీ, పక్క పాపను తోయడం మాత్రం తప్పేననీ విడదీసి చెప్పి, ఆ పాపను వాడే వెళ్లి పలకరించేలా చూడాలి.

ఆప్యాయతతో పాటు స్పష్టమైన హద్దులు పెట్టి, వాటికి కారణం కూడా చెప్పే తల్లిదండ్రుల పిల్లల్లో ఆత్మనిగ్రహం, కలివిడితనం ఎక్కువగా కనిపిస్తాయని అమెరికన్ మనస్తత్వవేత్త డయానా బామ్రిండ్ 1960లలోనే గుర్తించారు. ఏడుపు ఆపడానికి ఫోన్ చేతికివ్వడం, బూచాడొస్తాడని బెదిరించడం అటు ఆప్యాయతా కావు, ఇటు హద్దులూ కావు. "ఇంకో ఐదు నిమిషాలే" అన్న తల్లి కబుర్లలో పడి అరగంట గడిపితే ఆ హద్దుకూ విలువ ఉండదు.

అమ్మ వద్దన్నది నానమ్మ చాటుగా ఇచ్చే ఇళ్లలో, పిల్లవాడు లేనప్పుడు పెద్దలు కూర్చొని ఒక మాట మీదకు రావాలి. నిజానికి అన్నిటికన్నా కష్టమైన పని ఇదే.