ఒక్కపొద్దుకు లెక్క తోడైతే: వేళ పట్టి తినడం, క్రమం తప్పక నడవడంతో బరువు తగ్గే పద్ధతి

మన ప్రాంతపు ఇళ్లకు ఒక్కపొద్దు కొత్త కాదు. సోమవారం శివుడికనో, శనివారం వెంకటేశ్వరస్వామికనో రోజుకొక్కసారే అన్నం తినే పెద్దవాళ్లు ప్రతి వాడకట్టులోనూ కనిపిస్తారు. రంజాన్ నెలలో వరంగల్, కరీంనగర్ పట్టణాల్లో ఎన్నో కుటుంబాలు తెల్లవారుజాము నుంచి పొద్దుగూకేదాకా నీళ్లైనా ముట్టవు. రోజులో కొన్ని గంటలే తిని మిగతా వేళ ఉపవాసముండే పద్ధతిని ఇప్పుడు ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అంటున్నారు, అది ఈ అలవాట్లకు దగ్గరి చుట్టమే. అయితే ఏళ్ల తరబడి ఒక్కపొద్దులున్న వాళ్లందరూ సన్నబడలేదన్నది కూడా మనం కళ్లారా చూస్తున్నదే. పగలంతా కడుపు మాడ్చుకొని, సాయంత్రం ఫలహారం పేరుతో సాబుదానా కిచిడీ, నూనెలో వేయించిన ఆలుగడ్డ, రెండు గ్లాసుల తీపి చాయ్ తీసుకుంటే, పొద్దున మానేసిన తిండి మాపటికల్లా మళ్లీ ఒంట్లో చేరుతుంది.

చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో 139 మంది స్థూలకాయులపై ఏడాదిపాటు జరిగి, 2022లో వెలువడిన పరిశోధన ఈ సంగతినే తేల్చింది. అందరికీ తిండి కొలత ఒకే విధంగా తగ్గించి, సగం మందిని మాత్రం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 గంటల మధ్యనే తినమన్నారు. వేళ పాటించినవారు సగటున 8 కిలోలు, పాటించనివారు 6.3 కిలోలు తగ్గారు. ఈ తేడా గణాంకాల లెక్కలో నిలిచేంత పెద్దది కాదు. బరువును తగ్గించేది తిండి మొత్తం తగ్గడమేనని, ఆ మొత్తాన్ని అదుపులో పెట్టుకోవడానికి వేళ ఒక కంచెలా పనికొస్తుందని దీన్నిబట్టి అర్థం చేసుకోవాలి. ఉపవాసంతో కణాలు తమను తామే శుభ్రం చేసుకుంటాయని, దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చిందని చెప్పేవారున్నారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త యొషినోరి ఒసుమికి ఆ బహుమతి వచ్చిన మాట నిజమే కానీ, ఆయన ప్రధానంగా ఈస్ట్ కణాల మీద పనిచేశారు. బరువు తగ్గడానికి దాన్ని సాక్ష్యంగా చూపడం సరికాదు.

మొదలుపెట్టే ముందు ఎవరు దీని జోలికి పోకూడదో చెప్పుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు, ఇప్పటికే బక్కచిక్కి ఉన్నవారు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది పడినవారు ఉపవాస పద్ధతిని పక్కన పెట్టాలి. షుగర్ జబ్బుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు వైద్యునితో మాట్లాడి మందు మోతాదు మార్పించుకోనిదే ఒక్క పూట కూడా మానకూడదు, ఎందుకంటే తిండి లేనప్పుడు ఆ మందులు రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలవు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందులు వాడేవారికి ఎక్కువసేపు తినకుండా ఉంటే రక్తంలో ఆమ్లాలు పెరిగే ముప్పు ఉంది కనుక వారూ అడిగే మొదలుపెట్టాలి. చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడడం వంటివి కనిపించి, చక్కెర 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. ఆ రోజు ఉపవాసం అక్కడితో ముగిసినట్టే.

తరువాత కొలతలు. మేడారం జాతరకు ముందు నిలువెత్తు బంగారం మొక్కు కోసం బెల్లం దుకాణపు కాంటా ఎక్కినప్పుడు తప్ప తమ బరువెంతో తెలియనివారు మనలో చాలామంది ఉన్నారు. ఇక నుంచి వారానికొకసారి, ఒకే రోజున, పొద్దున్నే కాలకృత్యాలు తీరాక, ఒకే కాంటా మీద తూగి రాసుకోవాలి. బరువుతోపాటు నడుము చుట్టుకొలత కూడా తీసుకోవాలి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలినప్పుడు టేపు పెట్టి చూస్తే, మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది భారతీయులకు చెప్పే హద్దు. కాంటా కదలని వారాల్లో కూడా నడుము తగ్గుతూ ఉండవచ్చు.

ఇక వేళ. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అనగానే పదహారు గంటలు తినకుండా ఉండి, మిగిలిన ఎనిమిది గంటల్లో తినడం అందరికీ గుర్తొస్తుంది. తొలిరోజే అక్కడికి దూకడం వల్ల వారం తిరగకముందే మానేసినవారు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. అందువల్ల తిండి ముగించే వేళను ముందుకు జరపడంతో మొదలుపెట్టాలన్నది నా సలహా. మొదటి రెండు వారాలు రాత్రి భోజనం ఎనిమిది గంటలకల్లా పూర్తిచేసి, పొద్దున ఎనిమిది వరకూ నీళ్లు తప్ప ఏదీ ముట్టకుండా ఉంటే పన్నెండు గంటలవుతుంది. తరువాత రాత్రి భోజనాన్ని ఏడు గంటలకు, పొద్దుటి తిండిని తొమ్మిదికి జరిపితే పద్నాలుగు గంటలవుతాయి. మన పల్లెల్లో తొమ్మిది, పదింటికే అన్నం తిని పొలానికి పోయే అలవాటుంది కనుక, ఈ పద్నాలుగు గంటల పద్ధతి మన ఒంటికి సులువుగా పడుతుంది. పదహారుకు వెళ్లాలనుకునేవారు ఆ తరువాతే వెళ్లాలి. పద్నాలుగు దగ్గరే ఆగినా నష్టమేమీ లేదు. దుకాణం రాత్రి పదింటికి కట్టేసేవారు, సింగరేణిలో షిఫ్టులు చేసేవారు గడియారం అంకెలను పట్టుకోకుండా, తమ నిద్రకు కనీసం రెండు, మూడు గంటల ముందు తిండి ముగిసేలా వేళను తామే కట్టుకోవాలి. దుకాణం వారైతే డబ్బా తెచ్చుకొని ఏడింటికే అక్కడ తినేయడం మేలు.

అసలు చిక్కంతా చాయ్ దగ్గర వస్తుంది. పొద్దున లేవగానే ఒక గ్లాసు, పదకొండింటికి ఒకటి, నాలుగింటికి ఒకటి, చుట్టాలు వస్తే ఇంకొకటి. అర గ్లాసు బర్రె పాలు, రెండు చెంచాల చక్కెర పడిన చాయ్‌లో సుమారు 100 కాలరీలుంటాయి. నాలుగు తాగితే 400. ఉపవాస వేళలో పాలు, చక్కెర ఉన్న చాయ్ తాగితే ఉపవాసం చెడినట్టే లెక్క. నీళ్లు, పాలూ చక్కెరా లేని చాయ్, చక్కెర వేయని డికాషన్ తాగవచ్చు. ఒక్కసారిగా మానలేనివారు పొద్దుటి చాయ్‌ని తొమ్మిదింటి తిండితో కలిపేయాలి. మొదటి నాలుగైదు రోజులు తలనొప్పి, చిరాకు రావచ్చు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

తినే వేళ వచ్చింది కదా అని ఏదైనా తినవచ్చనుకోవడం రెండో తప్పు. ఈ తప్పు నేనూ చేశాను. మొదటి నెలంతా వేళ తప్పకుండా పాటించి, సాయంత్రం ఆరింటికి వేళ మిగిలే ఉందన్న ధీమాతో హన్మకొండ చౌరస్తాలో మిరపకాయ బజ్జీలు తింటూ వచ్చాను. నెల గడిచాక కాంటా ముల్లు ఎక్కడున్నది అక్కడే ఉంది. తిండి లెక్కలో మన ఇళ్లకు పెద్దవి రెండు, బియ్యం, నూనె. వంద గ్రాముల బియ్యం వండితే సుమారు 350 కాలరీలు. మనిషికి ఎన్ని గ్రాములు పోస్తున్నామో ఒక వారంపాటు వండకముందే తూచి చూస్తే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. నూనె సంగతి ఇంకా చిత్రమైనది. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు ఖర్చయితే మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కాలరీలు నూనె నుంచే వస్తున్నాయన్నమాట. నెలకు తెచ్చే ప్యాకెట్లు నాలుగు నుంచి మూడుకు తగ్గించడం, ఎవరి పళ్లెంలోనూ చూడకుండా చేయగలిగిన తగ్గింపు.

బియ్యం తగ్గించిన చోట జొన్న రొట్టెను, గటకను పెట్టినంత మాత్రాన బరువు తగ్గదు, వాటిలోనూ పిండిపదార్థం ఉంటుంది. అయితే రెండు రొట్టెలతో తోటకూర పప్పో, ఉడికించిన గుడాలో తింటే కడుపు నిండినట్టుండి తొందరగా ఆకలి వేయదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పు, గుడ్డు, కోడి లేదా చేప, మిగిలిన పావే అన్నం లేదా రొట్టె అని పెట్టుకుంటే లెక్కలు వేయనక్కరలేదు. మాంసకృత్తులు మాత్రం తప్పకుండా చూసుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి కిలో బరువుకు 0.83 గ్రాములు చెబుతోంది; 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, యాభై గ్రాముల కందిపప్పులో పదకొండు గ్రాములు వస్తాయి కనుక పచ్చిపులుసు, తొక్కుతో రెండు పూటలు గడిపేసేవారికి ఇంత అందదు. అమెరికాలో 116 మందిపై పన్నెండు వారాలు జరిగి, 2020లో వెలువడిన పరిశోధనలో, వేళ పట్టి తిన్నవారిలో కొందరి ఒంటిని దగ్గరుండి కొలిచి చూస్తే, వారు కోల్పోయిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు కాదని తేలింది. ఆ అపాయాన్ని ఆపడానికి తగినన్ని మాంసకృత్తులు, దానితోపాటు కండరాలకు పని అవసరం.

వ్యాయామం దగ్గర చాలామంది తొలి అంచనానే తప్పుతారు. డెబ్బై కిలోల మనిషి అరగంట వడివడిగా నడిస్తే కరిగేది సుమారు 150 కాలరీలకు మించదు. రెండు బిస్కెట్లతో ఒక తీపి చాయ్ తాగితే అది తిరిగి వచ్చేస్తుంది. అయినా నడక మానకూడదు, ఎందుకంటే తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా నిలిపేది, షుగర్, రక్తపోటులను అదుపులో ఉంచేది అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలి. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడిస్తే అది మధ్యస్థ శ్రమ. హన్మకొండవారికి వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి బండ్, ఆర్ట్స్ కాలేజీ మైదానం, కరీంనగర్ వారికి మానేరు డ్యామ్ కట్ట ఉండనే ఉన్నాయి. కట్టల మీద గుంపుగా ముచ్చట్లు పెడుతూ సాగే నడకలను మాత్రం లెక్కలో వేయకండి, వాటి మేలు వేరు.

కండరాల పనికి జిమ్ అక్కరలేదు. కుర్చీ మీద నుంచి చేతులు ఊనకుండా పన్నెండుసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని వంచి లేపడం, అయిదు లీటర్ల నీళ్ల క్యాన్లను చెరొక చేత్తో ఎత్తి దించడం, వీటిని మూడేసి విడతలుగా వారంలో రెండు రోజులు చేస్తే మొదటి మూడు నెలలకు చాలు. మోకాళ్ల నొప్పులున్నవారు పద్మాక్షి గుట్ట మెట్లెక్కే ఉత్సాహాన్ని ఆపుకొని, సమతలం మీదే నడవాలి.

ఉపవాస వేళలోనే నడవవచ్చా అని అడుగుతారు. షుగర్ మందులు లేనివారు తినకముందు అరగంట నడవడం వల్ల ఇబ్బంది రాదు. కండరాల పనిని మాత్రం తిండి వేళకు కాస్త ముందు పెట్టుకుంటే, వెంటనే గుడ్డో పప్పో తినవచ్చు. వేసవిలో వేరే జాగ్రత్త ఉంది. రామగుండం, మంచిర్యాల వైపు ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీలు దాటే ఎండలుంటాయి కనుక పొద్దున ఆరున్నర లోపే నడక ముగించాలి. ఉపవాసమంటే నీళ్లు మానడం కాదు. దాహం వేసేదాకా ఆగకుండా పొద్దంతా తాగుతూ ఉండాలి. తల తిరిగితే చిటికెడు ఉప్పు వేసిన చల్ల తాగి, ఆ రోజుకు ఆపేయాలి.

తొలి వారంలో రెండు కిలోలు పడిపోతే మురిసిపోకూడదు. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వ, దాన్ని పట్టుకొని ఉన్న నీరు తగ్గడం వల్లనే అందులో ఎక్కువ భాగం పోతుంది. కిలో కొవ్వులో సుమారు 7,700 కాలరీలుంటాయి, రోజుకు 500 కాలరీలు తగ్గిస్తే వారానికి దాదాపు అర కిలో. అంతకన్నా వేగంగా తగ్గాలనుకోవడం తొందరే. మూడు వారాలు కాంటా కదలకపోతే, వేళ మార్చడానికి ముందు ఆ వారాల తిండిని నిజాయితీగా రాసి చూసుకోవాలి. జవాబు సాధారణంగా చాయ్‌లో గానీ, ఆదివారపు బిర్యానీలో గానీ దొరుకుతుంది.

దావత్‌లు, బతుకమ్మ, సంక్రాంతి సకినాలు, సర్వపిండి ఎక్కడికీ పోవు. పెండ్లి భోజనం రాత్రి పదింటికైతే ఆ రోజు వేళ తప్పుతుంది, తప్పనివ్వండి. మరుసటి రోజు శిక్షగా రోజంతా పస్తుండకుండా, మామూలు వేళకే తిని మామూలుగా నడవాలి. సద్దుల బతుకమ్మనాడు మలీద ముద్దలు పంచేవారిని వద్దనడం కన్నా, ఒకటి తిని రాత్రి అన్నం తగ్గించడమే అందరికీ మర్యాద. అనుకున్న బరువు చేరాక పద్నాలుగు గంటల వేళను వారంలో అయిదు రోజులే ఉంచుకొని, నడకను మాత్రం తగ్గించకుండా, వారపు తూకం కొనసాగించాలి. ఎప్పుడైనా రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తే, మళ్లీ ఏడు రోజులూ వేళ పాటిస్తూ, ఒక నెల తిండి రాసుకోవాలి.