పాత చీరలతో ప్రకృతి చిత్రం: వచ్చే తంటాలు, వాటికి మందులు

పాత చీరలు, లుంగీలు, జీన్స్ ముక్కలు అతికించి, పైన అక్రిలిక్ రంగులతో పులికాట్ సరస్సో, ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రం వెంట వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన సరుగుడు తోపో వేస్తున్నప్పుడు ఎక్కడైనా తేడా వస్తే మొదట జిగురునో రంగునో తిట్టుకుంటాం. చాలాసార్లు దోషం గుడ్డలో ఉంటుంది. మన చేతికి వచ్చేలోపు అది పీల్చుకున్న గంజి, నూనె, చెమట, దిగకుండా మిగిలిన అద్దకం అన్నీ తర్వాత బయటపడతాయి. చెన్నై తేమకు ఇంకాస్త తొందరగా పడతాయి.

తెల్లగా వేసిన మేఘం మర్నాటికి గులాబీ అయింది

అక్రిలిక్‌లోనూ తెల్ల జిగురులోనూ నీళ్లుంటాయి. కింద ఉన్న ఎర్ర చీర ముక్కలోని అద్దకం ఆ నీళ్లకు కరిగి, ఆరేటప్పుడు పైకి వస్తుంది. మద్రాసు గళ్ల గుడ్డకైతే ఇది పాత పేరే. 1950ల చివర్లో అమెరికాలో ఆ గుడ్డ ఉతికితే రంగు దిగుతోందని గోల లేచింది. ఆఖరికి ఆ దిగడాన్నే గొప్పగా చెప్పి అమ్మారు!

అతికించే ముందు ముక్కను తడిపిన తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. మరక పడితే నీళ్లు తేటగా వచ్చేదాకా సబ్బుతో ఉతకాలి. ఉప్పు, వెనిగర్ నీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంట్లో పెద్దవాళ్లు చెబుతారు కానీ, ఇప్పటి అద్దకాల్లో చాలావాటికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇప్పటికే గులాబీ అయిన మేఘం మీద ఇంకో పూత తెలుపు వేస్తే అదీ గులాబీ అవుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, వడ్రంగులు స్పిరిట్‌లో కరిగించి వాడే లక్క పాలిష్ ఒక్క పూత పలచగా వేయండి. నీళ్లకు కరిగే అద్దకాన్ని అది కిందే ఆపుతుంది. తర్వాత తెలుపు వేసుకోవచ్చు. స్పిరిట్ తొందరగా అంటుకుంటుంది కాబట్టి పొయ్యి దగ్గర, అగరొత్తుల దగ్గర ఈ పని వద్దు. లేదా గులాబీ బాగుందనిపిస్తే బొమ్మను సాయంత్రం చేసేయండి, తప్పేం లేదు.

అంచులు లేస్తున్నాయి, మధ్యలో బుడగలు

గుడ్డ మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. ఇంకకుండా గుండ్రంగా నిలబడితే గంజో, మెత్తదనానికి వాడే ద్రవమో, మైనమో ఉన్నట్టు. మైనం పూసి అద్దకం వేసే బాతిక్ పాత ముక్కల్లో మైనం మిగిలిపోవడం మామూలే. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ చొరవతో చెన్నైలో మొదలైన చోళమండలం కళాకారుల గ్రామంలో కళాకారులు బతుకుదెరువుకు బాతిక్ కూడా చేసేవారు కాబట్టి, ఈ ఊళ్లో అలాంటి గుడ్డ ఎవరి బీరువాలోనైనా ఉండొచ్చు. న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మైనం కాగితానికి దిగుతుంది. గంజికి వేడినీళ్లు చాలు. పాలిస్టర్ అయితే అసలు పీల్చుకోదు. ఒక పోగు లాగి కాల్చి చూస్తే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. దాన్ని గరుకుగా ఉన్న బట్ట మీద కుట్టడమే మేలు.

అతికిన తర్వాత వచ్చిన బుడగకు సిరంజితో పలచని జిగురు ఎక్కించి, బటర్ పేపర్ వేసి, పైన లావుపాటి పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచండి.

ఐప్పసి (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానలకు బూజు పట్టింది

మైదా జిగురు వాడారా? ఇంకేం చూడక్కర్లేదు, బూజుకూ, కాగితాలు తినే వెండిచేప పురుగులకూ అది విందు. జిగురు మంచిదే అయితే గోడను చూడండి. వాన కొట్టే బయటిగోడకు బొమ్మ ఆనుకుని ఉంటే వెనక గాలి ఆడదు. దించి, నీడలో బాగా ఆరబెట్టి, మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే బూజు ఇంకా లోపలికి పోతుంది. మళ్లీ తగిలించేటప్పుడు ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండు ముక్కలు అతికించండి.

అట్ట వంగింది

ఒకవైపే తడిసింది. వెనకా ఒక పూత జిగురునీళ్లు వేయండి. జీన్స్, గోనెలాంటి బరువుకు ప్లైవుడ్ తప్పదు.

దూరం రావట్లేదు, అవతలి ఒడ్డు ముందుకొచ్చి కూర్చుంది

అన్నిటికన్నా ఎక్కువ మందిని విసిగించేది ఇదే. అన్ని ముక్కలూ ఒకే సైజు పూలతో, కత్తెర పదునుతో ఉంటే సరస్సు బొంతలా కనిపిస్తుంది. పదునైన అంచు, ముతక నేత కంటికి దగ్గరగా తోస్తాయి. అందుకే ముందుభాగానికి గోనె, జీన్స్, దూరానికి ఉతికి ఉతికి వెలిసిన వాయిల్ వాడండి. పూల చీర తప్ప వేరే లేకపోతే తిరగేసి అతికించండి, వెనకవైపు ఎలాగూ వెలవెలబోయి ఉంటుంది.

పులికాట్‌లో నీటికీ ఆకాశానికీ మధ్య సన్నని బురదగీత కనిపిస్తుంది కదా. దానికి పాత లుంగీని కత్తిరించకుండా చించి, చింపిన అంచు నుంచి మూడు నాలుగు పోగులు లాగేయండి. మిగిలిన పీచు నీటి మీదికి పడేలా అతికించి, తెలుపులో చుక్క నీలం కలిపి, అక్రిలిక్ మీడియంతో (రంగును పలచన చేసే ద్రవం) బాగా పలచన చేసి పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయండి. ఒడ్డు వెనక్కి జరుగుతుంది. ఫ్లెమింగోలను గులాబీ శాటిన్‌తో కత్తిరించాలని అందరికీ ఆశ పుడుతుంది. అంత దూరానికి అవి తెల్లచుక్కలే, బ్రష్ కొస చాలు.

నీటి మీద మెరుపుకు పెట్టిన జరీ నల్లబడింది

అసలు జరీ పట్టు దారానికి చుట్టిన వెండి తీగ, దాని మీద బంగారు పూత. పూత అరిగినచోట వెండి గాలిలోని గంధకపు వాయువులకు నల్లబడుతుంది. అతికించాక చింతపండు పెట్టి రుద్దితే చుట్టుపక్కల రంగు పోతుంది తప్ప ఫలితం ఉండదు. నల్లబడిన పోగును నీడగా వదిలేయండి. రంగుల పనంతా అయ్యాక కొత్త ముక్కను సన్నని గుడ్డపట్టీకి కుట్టి, పట్టీ కొసలకు మాత్రమే జిగురు పెట్టండి. అమ్మమ్మ పట్టుచీర మీద కత్తెర పెట్టేముందు మాత్రం పాత జరీ కొనేవాళ్లకు ఒకసారి చూపించండి. వెండి జరీ అయితే ఆ డబ్బుతో రంగులూ బ్రష్షులూ కొనుక్కుని, మెరుపుకు చవక జరీ వాడుకోవచ్చు.