రెజిన్ పోతకు మాస్టర్ తయారీ – 5వ పాఠం: పెట్టెకు బొజ్జ ఎందుకొచ్చింది?

మాస్టర్ అంటే మనం చేత్తో చేసే అసలు నమూనా. దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తాం, ఆ అచ్చులో గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం, అంటే రెజిన్ పోసి నకళ్లు తీస్తాం. గత పాఠంలో మన నమూనా రైలుకు గూడ్స్ పెట్టె గోడలు నిలబెట్టించి, నేల, పైకప్పు అతికించమని చెప్పి, "ఇక ఆరనివ్వండి" అని ఒక్క ముక్కతో వదిలేశాను. ఆ ఒక్క ముక్కే కొంప ముంచింది. టెక్కలి నుంచి ఒక కుర్రాడు ఫొటో పంపి, "ఏటి మాస్టారూ, నా పెట్టికి బొజ్జొచ్చింది?" అన్నాడు. బొబ్బిలి నుంచి ఇంకొకరిది తిరగేసిన కథ. గోడలు పది రోజులు పస్తున్నవాడి బుగ్గల్లా లోపలికి పీక్కుపోయాయి. రాజాంలో ఒకాయన నా మాట కోసం ఆగకుండా సిలికాన్ కూడా పోసేశారు. అది నేల అంచు కీలు సందులోంచి పెట్టెలోకి దూరి అక్కడే గట్టిపడింది. ఈసారి కిటికీలు, రివెట్లు చెబుదామనుకున్నాను. అవి ఆగాలి.

స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీటుకు మనం వాడేది నిజానికి జిగురు కాదు. డైక్లోరోమీథేన్ రెండు అంచుల్నీ కాస్త కరిగిస్తుంది, కరిగిన అంచులు కలిసిపోతాయి, ద్రవం ఆవిరైపోతుంది. పోవడానికి దారి ఉండాలి కదా! మీరు ఆరు వైపులా మూసేశారు. కీళ్ల దగ్గర మిగిలిన ద్రవం ఆవిరై లోపలే తిరుగుతూ గోడను మెత్తబరుస్తుంది. అసలే అది దాదాపు 40 డిగ్రీలకే మరిగిపోయే సరుకు. మే నెలలో మన డాబా మీద గది ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం లోపలి గాలి ఉబ్బితే మెత్తబడ్డ గోడ బయటికి వస్తుంది. రాత్రి చల్లబడి గాలి ముడుచుకుంటే అదే గోడ లోపలికి పోతుంది. ఏ పూట గట్టిపడితే ఆ ఆకారమే మిగులుతుంది. టెక్కలి బొజ్జకీ బొబ్బిలి బుగ్గకీ జబ్బు ఒకటే.

"ఒక రోజంతా ఆరబెట్టాం సార్" అని రాశారు చాలామంది. తడి తువ్వాలు ట్రంకుపెట్టెలో పెట్టి గెడ వేసి, రేపు తెరిస్తే ఆరిపోయి ఉంటుందా? ఎన్ని రోజులని కాదు, ఎటు నుంచి ఆరుతోందని అడగండి.

నేను చేసిన తొలి మాస్టర్ నీళ్ల ట్యాంకు. పక్క గోడలకు రెండేసి షీట్లు, మధ్యలో ద్రవం ధారాళంగా పూసి నొక్కాను. 400 నుంచి 1200 దాకా వాటర్ పేపర్ పట్టి అద్దంలా తీశాను. మర్నాడే అచ్చు పోశాను. మూడు వారాల తర్వాత ట్యూబ్‌లైటు కింద పట్టి చూస్తే నడిమధ్యలో రూపాయి బిళ్లంత గుంట. అచ్చులో బాగానే వచ్చిందిలే అనుకుని పోతలు తీశాను. లేదు, గుంట మర్నాటికే మొదలై ఉండాలి, నా కంటికి ఆనలేదు. పదిహేను పోతల్లోనూ అదే గుంట. అప్పటి నుంచి ద్రవం సీసా చూస్తేనే నా చెయ్యి బిగుసుకుంటుంది.

కాబట్టి పెట్టె మూసే ముందే నేలలో 2 మిల్లీమీటర్ల కన్నాలు రెండు పెట్టండి. గోడలో కాదు, పైకప్పులో కాదు. అచ్చు పోసేటప్పుడు నేల ఎలాగూ కింది పలకకు అతుక్కుని ఉంటుంది, కన్నం ఎవరికీ కనపడదు. రాజాం ఆయన పెట్టె మునిగింది కూడా పలకకు సరిగ్గా అంటించకపోవడం వల్లే. నేల చుట్టూ మట్టితో సందు కప్పాలి. ఆ మట్టి పిల్లల రంగు మట్టి అయితే, అందులో గంధకం ఉంటే, ప్లాటినం రకం సిలికాన్ దాని పక్కన గట్టిపడక జిడ్డుగా ఉండిపోతుంది. టిన్ రకానికి సాధారణంగా ఆ పేచీ లేదు.

లోపల అడ్డంగా తుక్కు షీటు ముక్కలు నిలబెడితే గోడకు బలం. అవి కూడా గదులు గదులుగా మూసేయకూడదు, ప్రతి ముక్కకూ ఒక మూల కత్తిరించండి. రెండు షీట్లు పొరలుగా వేసేటప్పుడు లోపలి షీటుకు సెంటీమీటరుకొక కన్నం. ద్రవం షీటు మీద పూయొద్దు, రెండూ కలిపి పట్టుకుని సున్నా నంబరు కుంచెతో అంచున తాకిస్తే అదే పాకుతుంది. నేనైతే కుంచె కూడా వాడను, సూది మొద్దు చేసిన ఇంజెక్షన్ సిరంజి వాడతాను. కీళ్లకు ఒక రోజు, పొరలకు వారం. కిటికీ తెరిచి, సీసా మూత పెట్టి పని చేయండి, ఆ ఆవిరి మంచిది కాదు.

ప్రెషర్ పాట్‌లో, అంటే గాలి ఒత్తిడి పెట్టే పాత్రలో పోసేవాళ్లకు బోలు పెట్టె నలిగిపోతుంది. లోపల రెజిన్ నింపుకోండి, అదీ కొంచెం కొంచెంగా. ఒకేసారి నింపితే అది గట్టిపడే వేడికే గోడలు వంకర పోతాయి.

ఇప్పటికే బొజ్జ వచ్చిన పెట్టెను నొక్కి సరిచేయడం జరగని పని. గోడల మీద చెక్క పలకల గీతలు గీసేసి ఉంటే సాండ్‌పేపర్‌కు అవి పోతాయి, కొత్తది చేసుకోండి. గుంట పడ్డదాన్ని మాత్రం బాగుచేయొచ్చు. నేలకు కన్నం పెట్టి రెండు వారాలు వదిలి, ఆ తర్వాత సూపర్ గ్లూలో టాల్కం పౌడర్ కలిపి నింపండి. గంటలోపు రుద్దేయాలి. మర్నాటికి అది షీటుకంటే గట్టిగా తయారవుతుంది, పక్కనున్న షీటు అరిగిపోతుంది కానీ అది అరగదు.

ఇద్దరు 1/76 లెక్కలో, అంటే అసలు బండిలో 76వ వంతుగా కోశారు. మన లెక్క 1/87. మన బండి 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి మొదలైన నేరో గేజ్ లైనుది, గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76, బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టాలకు సరిపోతుంది. 76తో అయితే 10 దాటుతుంది. 4 మీటర్ల పెట్టెకు 46 మిల్లీమీటర్లు రావాలి, 52.6 కాదు.

సాధన. 46 పొడవు, 22 వెడల్పు, 25 ఎత్తులో మూడు పెట్టెలు చేయండి. ఒకటి పూర్తిగా మూసినది, ఒకటి కన్నాలతో, ఒకటి కన్నాలూ అడ్డముక్కలతో. మూడూ ఒకే షీటు, ఒకే ద్రవం, ఒకే అరమీద. పొద్దున, సాయంత్రం వెర్నియర్‌తో గోడల నడిమధ్య వెడల్పు కొలిచి, 15 రోజులు నోటుపుస్తకంలో రాయండి. ఒక పూట తప్పినా మళ్లీ మొదటి నుంచి. ఆ అంకెలు నాకు పంపినవాళ్లకే కిటికీల పాఠం.