ఆపి ఉంచిన కారు బ్యాటరీ డౌన్ అవుతోందా? కరెంటు లాగుతున్నదేదో కనిపెట్టడం ఎలా?

రెండు రోజులు కారు తీయకపోతే చాలు, సెల్ఫ్ తీసుకోదు. షాపుకు వెళితే బ్యాటరీ పని అయిపోయిందని కొత్తది బిగిస్తారు. వారం తిరక్కుండానే అదీ డౌన్ అవుతుంది. ఇలా డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. తాళం వేశాక కూడా కారులో ఏదో ఒకటి కరెంటు లాగుతూ ఉంటుంది. దాన్ని ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు.

ఆపి ఉంచిన కారు కూడా కొద్దిగా కరెంటు వాడుతుంది. గడియారం, రిమోట్ లాక్, ఇంజన్ కంప్యూటర్ మెమరీ, వీటన్నిటికీ కలిపి 0.05 ఆంపియర్ లోపు అయితే మామూలే. ఆ లెక్కన రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు (బ్యాటరీలోని ఛార్జ్‌ను కొలిచే లెక్క) పోతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సగానికి రావడానికి రెండు వారాలు పడుతుంది. అంటే సంక్రాంతికి రైల్లో ఊరెళ్లి వారం తర్వాత వచ్చినా బండి స్టార్ట్ కావాలి. అదే డిక్కీలో 5 వాట్ల బల్బు ఆరకుండా ఉండిపోతే, అదొక్కటే రోజుకు దాదాపు 10 ఆంపియర్-అవర్లు తినేస్తుంది.

కావాల్సినవి: 10 ఆంపియర్ల సాకెట్ ఉన్న డిజిటల్ మల్టీమీటర్, రెండు క్రొకొడైల్ క్లిప్పులు, టెర్మినల్‌కు సరిపడే స్పానర్, ఒక స్క్రూడ్రైవర్. వైరు చుట్టూ పట్టించి కొలిచే మామూలు క్లాంప్ మీటర్ వద్దు. ఇంత చిన్న డీసీ కరెంటును అది సరిగ్గా చూపించదు.

మొదట బ్యాటరీ సంగతి తేల్చండి

ఫుల్ ఛార్జ్ చేసి, మైనస్ వైరు తీసేసి, రాత్రంతా వదిలేయండి. తెల్లారి 12.6 వోల్టుల దగ్గర ఉంటే బ్యాటరీ తనంతట తాను దిగిపోవడం లేదన్నమాట. ఏ వైరూ లేకుండానే 12.2కి దిగితే బ్యాటరీయే పాడైంది, మార్చేయండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే భాగం) ఛార్జ్ చేస్తున్నట్టే. కొందరు ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ వైరు పీకి ఆల్టర్నేటర్‌ను పరీక్షిస్తారు. ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి కంప్యూటర్ కాలిపోతుంది.

కారును నిద్రపోనివ్వండి

అందరూ చెడగొట్టేది ఇక్కడే. కారు ఆపగానే మీటర్ పెడతారు, రెండు మూడు ఆంపియర్లు కనిపిస్తాయి, లీకేజీ దొరికిందని సంబరపడతారు. ఇప్పటి కార్లలో కంప్యూటర్లు తాళం వేసిన వెంటనే పడుకోవు, ఒక్కొక్కటే ఆగుతాయి. కొన్ని మోడళ్లలో అందుకు 40 నిమిషాల దాకా పడుతుంది.

ముందుగా బోనెట్, ఫ్యూజ్ బాక్స్ మూత తీసి పెట్టుకోండి. డ్రైవర్ తలుపు తెరిచి, అంచునున్న లాక్ నాలుకను స్క్రూడ్రైవర్‌తో టక్‌మని మూసుకునేదాకా తిప్పండి. తలుపు మూశారనుకుని కారు లోపలి లైటు ఆర్పేస్తుంది. పని అయ్యాక హ్యాండిల్ లాగి ఆ నాలుకను వెనక్కి వదిలించాకే తలుపు వేయాలి. మరిచిపోయి గట్టిగా వేస్తే లాక్ విరుగుతుంది. రిమోట్‌తో లాక్ చేసి, తాళం ఇంట్లో పెట్టి రండి. కీలెస్ కారైతే తాళం జేబులో ఉన్నంతసేపూ నిద్రపోకపోవచ్చు.

ఇప్పుడు మీటర్ ఎర్ర వైరును 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, డీసీ ఆంపియర్లకు తిప్పండి. బ్యాటరీ మైనస్ పోస్టుకు వైరును పట్టి ఉంచే క్లాంప్ నట్టు వదులు చేయండి కానీ క్లాంప్ తీయకండి. నల్ల క్లిప్పు బ్యాటరీ మైనస్ పోస్టుకు, ఎర్ర క్లిప్పు క్లాంప్ వైపు వైరుకు తగిలించండి. అలాగే 40 నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాతే క్లాంప్‌ను మెల్లగా పైకి ఎత్తండి. కరెంటు ఒక్క క్షణం కూడా తెగకుండా మీటర్ గుండా వెళుతుంది.

ముందే వైరు పీకి తర్వాత మీటర్ పెట్టే పద్ధతిని నేను ఒప్పుకోను. కరెంటు తెగి వస్తే కంప్యూటర్లన్నీ మళ్లీ లేస్తాయి. ఇరుక్కుపోయిన రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వదిలేసి, దొరకాల్సిన లోపం ఆ పూటకు మాయమవుతుంది కూడా. క్లిప్పు జారితే మళ్లీ మొదటి నుంచి 40 నిమిషాలు లెక్కపెట్టాల్సిందే. మీటర్ మధ్యలో ఉండగా తాళం తిప్పొద్దు, తలుపు తీయొద్దు. సెల్ఫ్ కొడితే మీటర్ ఫ్యూజ్ అక్కడికక్కడే పోతుంది.

ఏ ఫ్యూజ్ దారిలో పోతోంది?

0.05 దాటితే వెతకండి. ముందు క్లాంప్ తిరిగి పెట్టి బిగించి, ఆ తర్వాతే క్లిప్పులు తీయండి. ఎర్ర వైరును వోల్టుల సాకెట్‌లోకి మార్చి, మిల్లీవోల్టులకు తిప్పండి. మార్చకుండా ఎక్కడైనా తాకిస్తే షార్టే.

ఫ్యూజులు పీకకండి. పీకి పెట్టిన ప్రతిసారీ ఏదో ఒక కంప్యూటర్ లేస్తుంది. ప్రతి ఫ్యూజ్ నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి. మీటర్ వైర్ల రెండు కొనలూ వాటికి తాకించండి. సున్నా వస్తే అందులో కరెంటు లేదు. 10 ఆంపియర్ల ఫ్యూజ్ మీద 1 మిల్లీవోల్టు వస్తే సుమారు 0.13 ఆంపియర్లు పోతున్నట్టు. పెద్ద ఫ్యూజ్ మీద అదే అంకె వస్తే ఇంకా ఎక్కువ పోతోందని అర్థం.

ఫ్యూజ్ దొరికాక మూత మీది పటం చూసి ఆ లైను వెంట వెళ్లండి. ముందుగా బయట బిగించినవే అనుమానించండి: డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, మ్యూజిక్ సిస్టమ్. తాళంతో ఆగాల్సిన వైరును నేరుగా బ్యాటరీ లైనుకు కలిపేసిన మ్యూజిక్ సిస్టమ్‌లు చాలా ఉంటాయి. ఆ తర్వాత డిక్కీ, గ్లవ్ బాక్స్ బల్బులు చూడండి.

ఫ్యూజులన్నీ సున్నా చూపినా లీకేజీ ఉంటే ఆల్టర్నేటర్ డయోడ్‌ను (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) అనుమానించాలి. బ్యాటరీ మైనస్ తీసేసి, ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి, దాని కొసకు టేపు చుట్టి, మైనస్ తిరిగి పెట్టి, మొదటిలాగే 40 నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి. అంకె పడిపోతే ఆల్టర్నేటర్‌ను ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చి డయోడ్ ప్లేటు మార్పించండి.