మన కంప్యూటర్ మనమే బాగుచేసుకుందాం – 3వ పాఠం: చెప్పాపెట్టకుండా ఆగిపోతే

గత పాఠంలో నీలి తెర వచ్చి ఆగిపోయే కేసులు చూశాం. అక్కడ విండోస్ పోతూ పోతూ ఒక మాట చెప్పి పోతుంది. ఈ పాఠం ఆ మాట కూడా చెప్పకుండా పోయే రకం గురించి. పని చేసుకుంటూ ఉండగా టప్పున తెర నల్లబడుతుంది. ఫ్యాన్లు ఆగిపోతాయి, లేదంటే దానంతటదే మళ్లీ ఆన్ అవుతుంది. ఇలా నాలుగుసార్లు జరిగాక చాలామంది చేసే పని ఫార్మాట్ కొట్టించడం. ఆదివారమంతా పోతుంది, పాత ఫొటోలు కొన్ని పోతాయి, సోమవారం మళ్లీ అదే జబ్బు. వైరు తెగితే బల్బు మార్చి లాభమేంటి?

మాటల గురించి ముందే ఒక ఒప్పందం. మన ఇళ్లలో మొత్తం పెట్టెనే సీపీయూ అంటాం. ఇక్కడ మాత్రం పెట్టెను క్యాబినెట్ అని, లోపలి అసలు చిప్పును ప్రాసెసర్ అని అంటాను.

మొదట విండోస్ ఏం రాసుకుందో చూద్దాం. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కితే పెద్ద జాబితా వస్తుంది. అందులో కెర్నల్-పవర్, 41 అని ఎర్ర గుర్తుతో ఒక వరుస ఉంటుంది. దాన్ని చూడగానే 'ఆహా, పవర్ సమస్య' అనుకోకండి. 41కి అర్థం ఒక్కటే: పోయినసారి నేను పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు అని. మీరు ప్లగ్గు పీకినా అదే రాస్తుంది. అసలు సంగతి దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అనే చోట ఉంటుంది. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే నీలి తెర వచ్చి, మీరు చూసేలోపే పోయిందన్నమాట. ఆ అంకె దశాంశంలో ఉంటుంది. కాలిక్యులేటర్‌ను ప్రోగ్రామర్ మోడ్‌లో పెట్టి హెక్స్‌లోకి, అంటే పదహారు ఆధారంగా రాసే అంకెల్లోకి, మార్చుకుంటే (292 అయితే 124 అవుతుంది) గత పాఠంలోని కోడ్‌లతో పోల్చుకోవచ్చు. సున్నా ఉంటే, చాలావరకు, విండోస్‌కు ఏం జరిగిందో తెలిసేలోపే దాని కింద నేల పోయింది. అలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది కరెంటును, వేడిని.

41 పక్కన కనిపించే టైము మళ్లీ ఆన్ అయినప్పటిది. ఆగిపోయిన టైము దాదాపుగా కావాలంటే 6008 నంబరు వరుస మీద నొక్కి, కింద వచ్చే వాక్యంలోని టైము చూడండి. ఆ టైములన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. చిన్న పనే, కానీ దీని విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్ రెండు నెలలు ఏడిపించింది. ర్యామ్ మార్చాను, విండోస్ రెండుసార్లు వేశాను. చివరికి టైములు వరుసగా రాస్తే ఎక్కువ భాగం సాయంత్రం ఆరూ ఆరున్నర మధ్యే పడ్డాయి. దీపం పెట్టేముందు ఇల్లు ఊడ్చేది అప్పుడే. చీపురు టేబుల్ కిందకు వెళ్లినప్పుడల్లా ఎక్స్‌టెన్షన్ బాక్సు కదిలేది, లూజు ప్లగ్గు రెప్పపాటు వదిలేసేది. ర్యామ్ డబ్బులు వృథా, జబ్బు ఖరీదు ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు.

అందుకే వెతకడం గోడ నుంచి మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి, నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి రెండు రోజులు చూడండి. క్యాబినెట్ వెనక పవర్ కేబుల్ గట్టిగా దిగిందో లేదో చూడండి. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? ఎర్తింగ్ సరిగా లేదు. ఆగిపోవడానికి అదే కారణం కాకపోవచ్చు, అయినా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, అది మీ ప్రాణానికి సంబంధించింది.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకండ్లు. కరెంటు పోయినా కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) తనలో దాచుకున్న శక్తితో సుమారు 16 మిల్లీసెకండ్లు నెట్టుకొస్తుంది. అంటే ఒక్క ఆవృత్తి కూడా కాదు. ఆలోపు ఇన్వర్టర్ అందుకోవాలి. చాలా హోమ్ ఇన్వర్టర్లకు ఒక చిన్న స్విచ్ ఉంటుంది: ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు నార్మల్ లేదా ఎకో. నార్మల్‌లో మారే వేగం తక్కువ. ఫ్యాన్లకు, లైట్లకు అది పట్టదు, కంప్యూటర్ మాత్రం పడిపోతుంది. కరెంటు పోయినప్పుడే మీది ఆగిపోతోందంటే ఆ స్విచ్ యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. వోల్టేజీ కాస్త తగ్గినా ఆ మోడ్‌లో బ్యాటరీకి మారిపోతుంది, అది భరించాలి. కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ వయసెంతో గుర్తుచేసుకోండి. మూడు నాలుగేళ్లు దాటితే పచ్చ లైటు వెలుగుతున్నా నమ్మకండి.

ఇక వేడి. దీనికి దొంగచాటు తక్కువ. ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, ఫ్యాను గోల పెడుతుంది, ఇంకా తట్టుకోలేకపోతేనే తనను తాను ఆపేసుకుంటుంది. వెంటనే ఆన్ చేస్తే మొదటిసారికంటే త్వరగా ఆగిపోతుంది, అరగంట వదిలేస్తే బాగానే నడుస్తుంది. ఈ గుర్తు కనిపిస్తే నూటికి తొంభై పాళ్లు వేడే అని నేను అనుకుంటాను. రుజువు కావాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, అందులో లాగింగ్ ఆన్ చేసి వదిలేయండి. అది క్షణక్షణం ఉష్ణోగ్రతలు ఫైల్లో రాస్తూ ఉంటుంది. ఆగిపోయాక ఆ ఫైలు తెరిచి చివరి వరుసలు చూడండి. ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర ఉంటే దోషి దొరికినట్టే. 60 దగ్గర ఉంటే వేడి మీద అనుమానం వదిలేయవచ్చు.

దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్గు తీసేయండి, బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి. అలా వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. హీట్‌సింక్ (ప్రాసెసర్ మీద కూర్చుని వేడిని లాగే లోహపు దిమ్మ) ఊడదీస్తే, రెండింటి మధ్య వేడిని దాటించే పాత థర్మల్ పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాలి. పాతదాని మీదే బిగించకండి.

గోడ బాగుంది, వేడి లేదు, అయినా గేమ్ ఆడేటప్పుడో వీడియో ఎడిట్ చేసేటప్పుడో మాత్రమే ఆగిపోతోందా? అప్పుడు ఎస్‌ఎంపీఎస్ వంతు. గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, పాత ఎస్‌ఎంపీఎస్ అందించలేక చేతులెత్తేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల లైను 11.4 కంటే కిందికి దిగకూడదు. కానీ మల్టీమీటర్‌తో చూస్తే రెప్పపాటు పతనం కనిపించదు, కాబట్టి నేను ఆ కొలతలకు పెద్ద విలువ ఇవ్వను. తెలిసినవాళ్ల దగ్గర బాగున్న ఎస్‌ఎంపీఎస్ రెండు రోజులు అరువు తెచ్చుకోవడం మేలు. అరువుదాన్ని దాని సొంత కేబుళ్లతోనే వాడండి. వేరే కంపెనీ కేబులు ప్లగ్గులో సరిపోయినా లోపల వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు, హార్డ్ డిస్కు కాలిపోతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ఈ వారం పని: 6008 టైముల కాగితం తయారు చేయండి. ప్రతి టైము పక్కన ఆ క్షణంలో ఇంట్లో ఏం నడుస్తోందో రాయండి: ఏసీ, మిక్సీ, మోటారు, పక్క గదిలో గీజరు. వారం రోజులు ఒక్క మార్పే చేయండి, రెండు కాదు. వచ్చే పాఠంలో ర్యామ్‌ను ఒక్కో స్టిక్ తీసి పరీక్షిద్దాం. 8 జీబీ కంటే పెద్ద పెన్‌డ్రైవ్ అక్కర్లేదు, ఖాళీది ఒకటి పక్కన పెట్టుకోండి.