రేడియం కటింగ్ స్వయంగా నేర్చుకుందాం – 4వ పాఠం: కోత తప్పినప్పుడు

గత పాఠంలో ప్లాటర్‌కు, అంటే స్టిక్కర్ షీటును కోసే మిషన్‌కు, రోల్ ఎక్కించడం, టెస్ట్ కట్ తీయడం నేర్చుకున్నాం. ఆ టెస్ట్ కట్ సరిగ్గా రాకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఈ పాఠం. హన్మకొండ, కాజీపేట, వరంగల్ దుకాణాల్లో ఈ పని కొత్తగా నేర్చుకునేవారిలో నేను ఎక్కువగా చూసిన అలవాటు ఒకటుంది: కోత ఏ విధంగా తప్పినా ముందుగా ఫోర్స్ (బ్లేడును కిందికి నొక్కే బలం) పెంచుతారు. ఆ అలవాటును మీ చేత మాన్పించాలన్నదే నా పట్టుదల. ఫోర్స్ చాలక వచ్చే తప్పులు కొద్దివే. మిగిలినవి ఫోర్స్ పెంచితే తగ్గకపోగా, బ్లేడు అడుగు కాగితాన్ని కూడా చీల్చుకొని దిగి కింది కటింగ్ స్ట్రిప్ మీద గాడి పెడుతుంది. గాడి పడిన స్ట్రిప్ మీద కొత్త బ్లేడు పెట్టినా ఆ చోట లోతు నిలకడగా రాదు.

తప్పును వెతకడానికి ముందు నాలుగు బొమ్మలు కోయండి: 2 సెంటీమీటర్ల చతురస్రం, ఒక త్రిభుజం, ఒక వృత్తం, వాటి పక్కన ‘సమ్మక్క’ అనే మాట. మేడారం జాతర రోజుల్లో బండ్ల అద్దాలకు తరచుగా కోసే మాట కాబట్టి మాత్రమే దాన్ని ఎంచుకోలేదు. గుండ్రని వంపులు, తలకట్టు, రెండు వత్తులు అందులోనే ఉన్నందున తెలుగు అక్షరాలు బ్లేడును పెట్టే ఇబ్బందులు చాలావరకు ఆ ఒక్క మాటలో బయటపడతాయి.

మొదట లోతు చూడండి. మామూలు స్టిక్కర్ వినైల్ మందం 75 నుంచి 80 మైక్రాన్లు, కాస్ట్ వినైల్ అయితే సుమారు 50 మైక్రాన్లు ఉంటుంది. అంటే బ్లేడును పట్టి ఉంచే హోల్డర్ నుంచి అది బయటికి రావలసింది వెంట్రుకవాసి మాత్రమే. హోల్డర్‌ను మిషన్ నుంచి తీసి చేత్తో పట్టుకొని, పనికిరాని ముక్క మీద మెల్లగా గీయండి. వినైల్ పూర్తిగా తెగి, అడుగు కాగితం మీద సన్నని గీత కనీకనిపించకుండా పడితే బ్లేడు పొడవు సరిపోయినట్టే. ఆ తర్వాతే ఫోర్స్ సంగతి చూడాలి, అది కూడా ఒక్కసారికి 5 లేక 10 గ్రాముల చొప్పునే పెంచాలి.

మన వైపు ప్రతి స్టిక్కర్‌నూ రేడియం అంటాం కాని, నిజంగా వెలుగును తిప్పికొట్టే రిఫ్లెక్టివ్ షీటు వేరే సరుకు. గాజు పూసల పొర ఉండే ఆ షీటు మందంగా ఉండి బ్లేడు మొనను త్వరగా అరగదీస్తుంది కాబట్టి, దానికి 60 డిగ్రీల బ్లేడును విడిగా ఉంచుకొని, మామూలు వినైల్‌కు 45 డిగ్రీల బ్లేడునే వాడండి.

ఇక మూలల సంగతి కొంచెం నిదానంగా చదవాలి. బ్లేడు మొన హోల్డర్ నడిమధ్యన ఉండదు, కొద్దిగా పక్కకు ఉంటుంది. సామాన్లు మోసే ట్రాలీ ముందు చక్రం మనం లాగిన వైపు తనంతట తిరిగినట్టే, బ్లేడు కూడా గీత వెంట ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఆ పక్క దూరమే ఆఫ్‌సెట్. చాలా 45 డిగ్రీల బ్లేడ్లకు అది 0.25 మిల్లీమీటర్లు. మిషన్‌లో పెట్టిన అంకె అసలు దూరం కన్నా తక్కువైతే చతురస్రం మూలలు గుండ్రంగా అరిగినట్టు వస్తాయి, ఎక్కువైతే ప్రతి మూల దగ్గర చిన్న చెవిలాంటి ముక్క బయటికి పొడుచుకొస్తుంది. మన అక్షరాల్లో పదునైన మూలలు తక్కువ కనుక ‘సమ్మక్క’ అన్న మాటలో ఈ తప్పు కనబడకుండా తప్పించుకుంటుంది. చతురస్రాన్ని, త్రిభుజాన్ని కోయమన్నది అందుకే.

వృత్తం మొదలైన చోటికి వచ్చి కలవకపోతే ఆఫ్‌సెట్ మార్చకముందే హోల్డర్ విప్పి చూడండి. బేరింగ్ దగ్గర వినైల్ పీచు ఒక్కటి చిక్కుకున్నా బ్లేడు స్వేచ్ఛగా తిరగదు. ఈ పీచు తెలియక నేను ఒక పూటంతా ఆఫ్‌సెట్ అంకెలు మారుస్తూ కూర్చొని, చివరికి మంచి సెట్టింగును కూడా చెడగొట్టుకున్నాను. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ టెస్ట్ కట్ తీసి, పాత అంకెను నోట్‌బుక్‌లో రాసుకొమ్మని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను.

పొడవైన బోర్డుల్లో వరుస పక్కకు జరిగిపోతే, షీటును పైనుంచి నొక్కి పట్టే పించ్ రోలర్లు కింది గరుకు రోలర్ల మీదే కూర్చున్నాయో లేదో చూడండి. బరువైన రోల్‌ను మిషన్ చేత లాగించకుండా, కోయబోయే పొడవంతా ముందే వదులుగా విప్పి పెట్టుకోండి. జారుడు వల్ల వచ్చే తేడా ఒక్కోసారి ఒక్కో విధంగా ఉంటుంది.

అలా కాకుండా ప్రతిసారీ ఒకే లెక్కన కొలత తప్పుతుంటే కారణం సాఫ్ట్‌వేర్‌లో ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ ప్లాటర్‌కు గీతలు పంపే హెచ్‌పీజీఎల్ భాషలో ఒక అంగుళానికి 1016 స్టెప్పులుంటాయి, అంటే ఒక్కో స్టెప్పు 0.025 మిల్లీమీటర్లు. ఒకవైపు 1016, మరోవైపు 1000 అని పెట్టి ఉంటే 6 అడుగుల బోర్డు మీద సుమారు 29 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. 1 మీటరు గీత కోసి టేపుతో కొలిస్తే ఇది వెంటనే తేలుతుంది.

వత్తు అక్షరాన్ని తాకిన చోట కోత అడ్డంగా పడితే మాత్రం తప్పు మిషన్‌ది కాదు. అను ఫాంట్లలో తలకట్టు, వత్తు వేర్వేరు ముక్కలుగా వచ్చి అక్షరం మీద కూర్చుంటాయి. తెర మీద అవి కలిసే కనిపిస్తాయి కాని, బ్లేడు ప్రతి ముక్క అంచునూ విడిగా కోస్తుంది. కోరెల్‌డ్రాలో అక్షరాలను కర్వ్‌లుగా మార్చి, ముక్కలన్నిటినీ వెల్డ్ చేసి (ఒకే ఆకారంగా కలిపి), అంచు గీతలు మాత్రమే కనిపించే వైర్‌ఫ్రేమ్ వ్యూలో ఒక గీత మరో గీతను దాటడం లేదని చూసుకున్నాకే కోతకు పంపండి. అక్షరం లోపలి ఖాళీ వెల్డ్‌లో పూడిపోలేదని కూడా అప్పుడే చూడాలి. మిషన్ ఎంత బాగున్నా ఈ ఒక్క పని మరచిపోతే వేస్ట్ (అక్షరాల చుట్టూ మిగిలిన వినైల్) తీసేటప్పుడు వత్తులు ఊడి వస్తాయి.

మే నెలలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో మరొక జాగ్రత్త అవసరం. వేడికి జిగురు మెత్తబడి కోసిన గీతల్లోకి మళ్లీ పాకుతుంది కనుక, ఉదయం కోసిన షీటు సాయంత్రానికి కోయనట్టే అనిపిస్తుంది. కోసిన వెంటనే వేస్ట్ తీసేయండి.

వచ్చే పాఠంలోగా మంచి బ్లేడుతో ఆఫ్‌సెట్‌ను కావాలనే ఒకసారి 0.10, మరొకసారి 0.50 పెట్టి, నాలుగు బొమ్మలూ కోసి, ఆ ముక్కలను తేదీతో నోట్‌బుక్‌లో అంటించుకోండి. 5వ పాఠాన్ని ఆ ముక్కలు ముందు పెట్టుకొనే మొదలుపెడదాం.