పాత కారు తుప్పు వదిలించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, గీకిన రేకు రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. అంబాసిడర్ వంటి పాత కారు పనిని దీపావళి దాటాక మొదలుపెట్టడం మేలు.

ముందుగా లోపలి కార్పెట్లు ఎత్తి, నేల రేకును స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది. మొన ఆనించగానే దిగబడే చోట ఏ పూతా పనికిరాదు, ఆ భాగాన్ని కోసి కొత్త రేకు అతికించవలసిందే. పుట్టీతో పూడ్చి పైన రంగు కొట్టే పనిని నేనైతే మరమ్మతు అనను. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలను మట్టి తీసి తెరిచి ఉంచాలి.

జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు తప్పనిసరి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, పెట్రోలు ట్యాంకును దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి కూడా పేలగలదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని అసలు వద్దు.

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉన్నందున మాస్కు పెట్టుకుని, తడుపుతూ రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, అదే రోజు ప్రైమర్ వేయాలి. కారు రంగు మారుస్తుంటే ఆర్‌సీలో నమోదు చేయించాలి.